‘రెకొనొసేర్’ని తిప్పి పలకకండి: స్పానిష్ పాలిండ్రోమ్‌లపై అపోహలు - వాస్తవాలు

స్పానిష్ మొదలుపెట్టిన కొద్ది రోజులకే ఎవరో ఒకరు ఈ చిట్కా పట్టుకొస్తారు: "స్పానిష్‌లో రాసిందే పలుకుతారు. కాబట్టి పాలిండ్రోమ్‌లు (ముందు నుంచి చదివినా వెనక నుంచి చదివినా ఒకటే వచ్చే మాటలు, వాక్యాలు) అటూ ఇటూ చదివితే ఉచ్చారణ దానంతటదే కుదురుతుంది." దయచేసి దీన్ని ఇంకొకరికి పంపకండి. ఇది నమ్మి సాధన చేసినవాళ్లకు పట్టుబడిన తప్పు పలుకు వదిలించుకోవడానికి నెలలు పడుతుంది.

అపోహ: పాలిండ్రోమ్‌ని ఎటునుంచి పలికినా ఒకేలా వినిపిస్తుంది.

వాస్తవం: వినిపించాలనే నియమమేమీ లేదు. స్పానిష్‌లో పాలిండ్రోమ్ రాత మీద ఆధారపడుతుంది, శబ్దం మీద కాదు. ‘రెకొనొసేర్’ తీసుకోండి, గుర్తుపట్టడం అని అర్థం. ఆర్, ఈ, సి, ఓ, ఎన్, ఓ, సి, ఈ, ఆర్. 9 లెటర్లు, నడుమ ఎన్. కాగితం మీద ఎటు చూసినా అదే మాట. నోట్లోకి వచ్చేసరికి మొదటి సి తర్వాత ఓ ఉంది కాబట్టి అది ‘క’. రెండో సి తర్వాత ఈ ఉంది కాబట్టి లాటిన్ అమెరికాలో ‘స’; స్పెయిన్‌లో చాలాచోట్ల నాలుకను పళ్ల మధ్య పెట్టి పలికే, ‘థింక్’లో వినిపించే శబ్దం. మాట మొదటి ఆర్‌కి నాలుక కొన రెండు మూడుసార్లు అదరాలి, చివరి ఆర్‌కి ఒక్కసారి తగిలితే చాలు. రికార్డు చేసి వెనక్కి నడిపితే ‘రెసొనొకేర్’ లాంటిదేదో వస్తుంది. అలాంటి మాటే లేదు. రెండువైపులా ఒకేలా వినిపించక కంగారు పడేవాళ్లు ఊరట చెందండి, మీ చెవిలో లోపం లేదు.

తిప్పినప్పుడు మోసం చేసేవి ముఖ్యంగా సి, జి, ఆర్. సి, జి రెండూ ఈ, ఐ ముందు శబ్దం మార్చుకుంటాయి. ఆర్ మాటలో తానున్న చోటును బట్టి మారుతుంది. ‘అమోర్’ని తిప్పితే ‘రోమా’. లెటర్లు అవే, ర మాత్రం వేరు. ఈ చిక్కులు లేని మాటలూ ఉన్నాయి. ‘సొమెతేమొస్’ (లొంగదీసుకుంటాం) రాతలోనూ పలుకులోనూ రెండువైపులా ఒకటే. ‘అకుర్రూకా’లో రెండు సిలూ ‘క’లే కాబట్టి అదీ నిలుస్తుంది. చెవికి సాధన కావాలంటే ఇలాంటివి ఏరుకోండి. అన్నట్టు, ఒకే మాటగా ఉన్న పాలిండ్రోమ్‌లలో ‘రెకొనొసేర్’దే రికార్డు అంటుంటారు. ‘సొమెతేమొస్’లోనూ 9 లెటర్లే ఉన్నాయి, లెక్కపెట్టుకోండి.

మనవాళ్లు ఇందులో పడటానికి కారణం వికటకవి. వి-క-ట-క-వి: తెలుగులో తిరిగేది గుణింతంతో సహా మొత్తం అక్షరం. స్పానిష్‌లో హల్లు విడిగా, అచ్చు విడిగా తిరుగుతాయి. ‘అనీతా లావా లా తీనా’ (అనీతా తొట్టి కడుగుతోంది) తెలుగు లిపిలో రాసుకుని వెనక్కి చదవండి: నా-తీ-లా-వా-లా-తా-నీ-అ. చెడిపోయింది. రోమన్ లిపిలో ఖాళీలు తీసేసి 15 లెటర్లకూ అంకెలు వేయండి. 1కి 15, 2కి 14, ఇలా జతగా కొట్టేస్తూ పోతే 8వది, వి, ఒంటరిగా మిగులుతుంది. ఏ వాక్యాన్నయినా ఇలాగే సరిచూడాలి. తెలుగు లిపిలో స్పానిష్ నోట్స్ రాసుకునే అలవాటు ఉంటే ఈరోజే మానేయండి.

అపోహ: పాలిండ్రోమ్ వాక్యాన్ని సంభాషణలో వాడేయొచ్చు.

వాస్తవం: ‘దాబలె అర్రోస్ ఆ లా సోర్రా ఎల్ అబాద్’, మఠాధిపతి ఆడనక్కకు అన్నం పెట్టేవాడు. 25 లెటర్లు. దీని తయారీ చూడండి. నడుమ ‘ఆ లా’, దానికి అటు ‘అర్రోస్’, ఇటు దాన్నే తిప్పిన ‘సోర్రా’. చివరి ‘ఎల్ అబాద్’ని తిప్పితే ‘దాబలె’. అల్లేవాళ్లు ఇలా నడుమ నుంచి రెండువైపులకూ ఒకేసారి పెంచుకుంటూ పోతారు. కానీ క్రియకు ‘లె’ని చివర అతికించడం పాతకాలపు పద్ధతి, ఇప్పుడు ‘లె దాబా’ అంటారు. పైగా ‘సోర్రా’ ఆడవాళ్లను తిట్టే బూతుమాట కూడా. సరదాకైనా ఎవరినీ ఉద్దేశించి అనకండి. మాట్లాడటానికి పనికొచ్చేది కావాలంటే ‘యో ఆగో యోగా ఒయ్’ (ఇవాళ నేను యోగా చేస్తాను) ఉంది. అందులో హెచ్‌లు రెండూ పలకవు.

అపోహ: గుర్తులన్నీ వదిలేయొచ్చు.

వాస్తవం: అచ్చు మీది ఒత్తు గీతను పాలిండ్రోమ్‌లో లెక్కపెట్టరు. ‘ఓదియో’ (ద్వేషం) తిరిగి ‘ఓయీదో’ (చెవి) అయ్యేది అందుకే. ఎన్ మీది అలలాంటి గుర్తు సంగతి వేరు, అది ఉంటే ఇంకో లెటరే. దాన్ని వదిలేసి వయసు రాస్తే ‘నాకు ఇరవై ఏళ్లు’ కాస్తా ‘నాకు ఇరవై మలద్వారాలు’ అవుతుంది.

అపోహ: ‘చ’ ఒకే లెటర్, దాన్ని కలిపే తిప్పాలి.

వాస్తవం: నిఘంటువుల్లో దాన్ని విడిగా పేర్చడం ఆపాలని స్పానిష్ భాషా అకాడమీలు 1994లో నిర్ణయించాయి, 2010లో వర్ణమాల నుంచే తీసేశాయి. పాలిండ్రోమ్‌లో అది సి, హెచ్ అనే రెండు లెటర్లు. తిప్పితే హెచ్ ముందుకొస్తుంది కాబట్టి ‘ఏ!’, ‘ఓ!’ లాంటి ఆశ్చర్యార్థకాలు ఆదుకుంటాయి. ‘నోచె’ (రాత్రి) తిప్పితే ‘ఏ, కొన్’.

అపోహ: స్పానిష్ కవి కెవేదో తమ రాణిని ఆమె ముఖం మీదే పాలిండ్రోమ్‌తో కుంటిది అన్నాడు.

వాస్తవం: ఆ కథలోని మాటల ఆట పాలిండ్రోమ్ కాదు, కలాంబూర్. అంటే మన సభంగ శ్లేషే, మాటల్ని వేరే చోట విరిచి ఇంకో అర్థం రాబట్టడం. ‘ఓరో పరేసె, ప్లాతా నో ఎస్’ (బంగారంలా ఉంది, వెండి కాదు) అనే పొడుపుకథను కలిపి చదివితే ‘ప్లాతనో ఎస్’, విప్పు అరటిపండు. అలాగే తెల్ల పువ్వుకీ ఎర్ర గులాబీకీ మధ్య మహారాణి ‘ఎస్కోహా’ (ఎంచుకోవాలి) అని కెవేదో అన్నాడట; దాన్ని విడదీస్తే ‘ఎస్ కోహా’, కుంటిది. శ్లేష నిఖార్సైనది. సంఘటన మాత్రం నోటిమాటగా వచ్చిన కథ. రాణి మరియానా దె ఆస్త్రియా అని చెప్పేవాళ్లు తేదీలు చూడాలి: కెవేదో 1645లో చనిపోయాడు, ఆమెకు స్పెయిన్ రాజు నాలుగో ఫెలీపెతో పెళ్లయింది 1649లో. చెప్పక తప్పదంటే ఆ రాజు మొదటి భార్య ఇసబెల్ దె బోర్బోన్ పేరు చెప్పండి, అదీ కథ అని చెప్పే చెప్పండి.