"బీపీ బానే ఉందన్నారు సార్": క్యాజువాలిటీలో రోజూ వినే అపోహలు, మంచం పక్కన చూసే వాస్తవాలు

నైట్ డ్యూటీలో నాకు ఎక్కువగా వినపడే మాట ఇదే. ఊళ్ళో ఆర్ఎంపీ దగ్గరో, పీహెచ్‌సీలోనో చూపించుకుని, చీటీ మీద బీపీ రాయించుకుని, ఆ నంబర్ ఇచ్చిన ధైర్యంతో ఇంకో మూడు గంటలు ఇంట్లోనే ఉంచి, మనిషి మాట తడబడ్డాక అప్పుడు 108కి ఫోన్ చేస్తారు. వాళ్ళ మీద నాకు కోపం రాదు, బాధే. ఎందుకంటే ఆ నంబర్‌ని అంత నమ్మమని నేర్పింది డాక్టర్లమే.

అపోహ: బీపీ నార్మల్ అయితే ప్రాణానికి ఢోకా లేదు.

వాస్తవం: బీపీ అన్నిటికంటే ఆఖర్న పడుతుంది. వయసులో ఉన్న మనిషికి లోపల రక్తం కారుతున్నా గుండె వేగం పెరిగి, చేతుల్లో కాళ్ళల్లో రక్తనాళాలు బిగుసుకుపోయి బీపీని నిలబెడతాయి, ఒంట్లో రక్తం దాదాపు మూడో వంతు పోయేదాకా పై నంబర్ పెద్దగా కదలకపోవచ్చు. కదిలాక మన చేతిలో టైం ఉండదు. అందుకే సిస్టర్ బీపీ పట్టీ కట్టేలోపే నేను పేషెంట్ కాళ్ళు పట్టుకుని చూస్తా. అరికాళ్ళు చల్లబడ్డాయా, మోకాళ్ళ చుట్టూ చర్మం నీలంగా మచ్చలు మచ్చలుగా ఉందా, పొద్దున్నుంచి ఒంటికి పోశాడా లేదా. తర్వాత వేలి కొసని తెల్లబడేదాకా గట్టిగా నొక్కి వదులుతా, మూడు సెకన్లు దాటినా ఎర్రదనం తిరిగి రాలేదంటే మానిటర్ మీద ఎంత అందమైన బీపీ ఉన్నా సరే ఆ మనిషిని షాక్ (అవయవాలకి చాలినంత రక్తం అందని స్థితి) కింద చూస్తా. ఇది పాతకాలం పద్ధతి అనుకునే జూనియర్లకి ఒకటి చెప్తా, 2019లో ఆండ్రోమెడా షాక్ అని ట్రయల్ వచ్చింది, సెప్టిక్ షాక్‌లో, అంటే ఇన్ఫెక్షన్ ముదిరి వచ్చే షాక్‌లో, ఉన్న 424 మందిలో సగం మందికి లాక్టేట్ (రక్తం సరిగ్గా అందనప్పుడు ఒంట్లో పెరిగే పదార్థం) రిపోర్టు చూసి, సగం మందికి ఇలా వేలు నొక్కి చూసి ట్రీట్‌మెంట్ నడిపారు, వేలు నొక్కిన గ్రూపు ఏ మాత్రం వెనకబడలేదు.

ఇంకోటి ఊపిరి లెక్క. కేస్ షీట్లు తీసి చూడండి, సగం మందికి రెస్పిరేటరీ రేట్ 20 అనే ఉంటుంది, లెక్కపెట్టకుండా రాసేస్తున్నాం, ఇది పూర్తిగా మా తప్పే. నిమిషం పాటు ఛాతీ చూస్తూ లెక్కపెడితే 32 ఉంటుంది. ఛాతీ క్లియర్‌గా ఉండి, సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) 99 ఉండి కూడా అంత వేగంగా పీలుస్తున్నాడంటే రక్తంలో యాసిడ్ పెరుగుతోందేమో వెతకాలి: షుగర్ పేషెంట్ ఇన్సులిన్ మానేశాడా, కిడ్నీలు ఆగిపోయాయా, ఒంట్లో ఎక్కడన్నా చీము పట్టిందా.

అపోహ: డెంగీలో ప్లేట్‌లెట్స్ ఒక్కటీ చూసుకుంటే చాలు, జ్వరం తగ్గితే గండం గడిచినట్టే.

వాస్తవం: వానాకాలం మొదలయ్యాక ఈ అపోహ వల్ల నేను చూసినంత నష్టం ఇంకే అపోహ వల్లా చూడలేదు. డెంగీలో చాలామంది షాక్‌లోకి వెళ్ళేది రక్తం కారి కాదు, రక్తనాళాల్లోంచి నీరు బయటికి లీకై. అదీ సరిగ్గా జ్వరం తగ్గే టైంలో, మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్యలో మొదలై ఒకటి రెండు రోజులుంటుంది. ఇంట్లోవాళ్ళు జ్వరం తగ్గిందని ఊపిరి పీల్చుకునే రోజే మేం భయపడే రోజు. ఒకసారి డిగ్రీ చదివే పిల్లాడిని నడిపించుకుంటూ తీసుకొచ్చారు, బీపీ 100/85. వాళ్ళ నాన్న "వంద ఉంది కదా సార్, ప్లేట్‌లెట్స్ ఎక్కిస్తే సరిపోద్దా" అంటున్నాడు. నేను పైది కాదు, పైదానికీ కిందిదానికీ తేడా చూస్తున్నా, పదిహేను. మామూలుగా నలభై దాకా ఉండాలి, ఇరవై, అంతకన్నా తక్కువైతే డెంగీ షాక్ మొదలైనట్టే. చేతులు మంచులా ఉన్నాయి, కడుపు నొప్పి అని ముడుచుకుని కూర్చున్నాడు. ఆ పిల్లాడిని కాపాడింది ప్లేట్‌లెట్ ప్యాకెట్ కాదు, గంటగంటకీ పల్స్, హెమటోక్రిట్ (రక్తం చిక్కదనం), మూత్రం కొలుస్తూ సెలైన్‌ని పెంచుతూ తగ్గిస్తూ మంచం పక్కనే నిలబడ్డ సిస్టర్. రక్తస్రావం లేకుండా కౌంట్ తగ్గిందని మాత్రమే ప్లేట్‌లెట్స్ ఎక్కించడం వల్ల లాభం లేదు. బొప్పాయి ఆకు రసం తాగించి వాంతులు చేయించుకుని రావొద్దని చేతులెత్తి అడుగుతున్నా.

అపోహ: నీరసంగా ఉంటే సెలైన్ పెట్టేయాలి, ఎంత ఎక్కువ ఎక్కిస్తే అంత త్వరగా లేస్తాడు.

వాస్తవం: సెలైన్ కూడా మందే, మోతాదు ఉంటుంది. 2011లో ఉగాండా, కెన్యా, టాంజానియాల్లో ఫీస్ట్ అనే ట్రయల్ జరిగింది, తీవ్రమైన జ్వరంతో, రక్తప్రసరణ దెబ్బతిని వచ్చిన మూడు వేలకి పైగా పిల్లల మీద. బోలస్‌గా గబగబా ఫ్లూయిడ్ ఎక్కించిన వాళ్ళలో 48 గంటల్లో చనిపోయింది 10.6 శాతం, అలా ఎక్కించని వాళ్ళలో 7.3 శాతం. అక్కడి ఆస్పత్రులు వేరు, ఆ పిల్లల జబ్బులు వేరు, దాన్ని తెచ్చి అందరికీ అంటించలేం, కానీ "ముందు ఒక బాటిల్ పెట్టు" అనే అలవాటుని ఆ రిజల్ట్ కుదిపేసింది. విరేచనాలతో ఎండిపోయిన మనిషికి సెలైన్ ప్రాణం పోస్తుంది, హార్ట్ ఎటాక్‌తో పంప్ దెబ్బతిన్న మనిషికి అదే సెలైన్ ఊపిరితిత్తుల్లో నిండిపోతుంది. ఇద్దరికీ బీపీ 80 ఉంటుంది. తేడా ఎలా తెలుస్తుందంటే మెడ దగ్గర సిరలు ఉబ్బాయా చూసి, వీపు మీద స్టెతస్కోప్ పెట్టి గరగర ఉందా విని, కాళ్ళు పైకెత్తి నిమిషం ఆగి రక్తప్రసరణ మెరుగుపడుతుందా చూసి, ఉంటే అల్ట్రాసౌండ్ ప్రోబ్ గుండె మీద పెట్టి. ఇదంతా పూర్తవడానికి ఐదు నిమిషాలు పట్టదు.

ఆక్సిజన్ కూడా ఇంతే. సాచురేషన్ 94 నుంచి 98 మధ్య ఉంటే చాలామందికి అదనంగా అక్కర్లేదు, ఏళ్ళ తరబడి బీడీలు, పొయ్యి పొగతో వచ్చిన సీఓపీడీ (ఊపిరితిత్తుల దీర్ఘకాలిక జబ్బు) ఉన్నవాళ్ళకైతే 88 నుంచి 92 చాలు, అంతకుమించి పెడితే ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుని మత్తులోకి జారిపోవచ్చు. "మాస్క్ ఎందుకు తీశారు" అని అటెండెంట్లు గొడవ పడతారు, ఓపిగ్గా చెప్తే అర్థం చేసుకుంటారు కూడా.

అపోహ: స్పృహ లేకుండా వస్తే ముందు తల స్కాన్ తీయాలి.

వాస్తవం: ముందు ఊపిరి ఆడుతోందా చూడాలి, ఆ వెంటనే వేలి చివర ఒక్క చుక్క రక్తం, గ్లూకోమీటర్. పక్షవాతం వచ్చిందనుకుని స్కాన్ కోసం టౌన్ టౌన్ తిప్పి తెచ్చిన ఒక పెద్దావిడకి షుగర్ 31కి పడిపోయి ఉంది. 25 శాతం డెక్స్‌ట్రోజ్ వంద ఎంఎల్ ఎక్కించాక కళ్ళు తెరిచి కొడుకుని పేరు పెట్టి పిలిచింది. అక్కడితో అయిపోలేదు, గ్లిమెపిరైడ్ లాంటి షుగర్ మాత్ర వేసుకుని అన్నం తినకపోయినా, కిడ్నీలు బాలేకపోయినా షుగర్ మళ్ళీ మళ్ళీ పడుతుంది, లేచి కూర్చున్నారని అదే రాత్రి ఇంటికి తీసుకెళ్ళిపోకండి.

ఛాతీ నొప్పి గురించి ఒక్కమాట: మొదటి ఈసీజీ నార్మల్ వస్తే గ్యాస్ నొప్పే అని కాదు. వచ్చిన పది నిమిషాల్లో ఒకటి తీస్తాం, నొప్పి తగ్గకపోతే మళ్ళీ మళ్ళీ తీస్తాం. షుగర్ ఉన్నవాళ్ళకి నొప్పే లేకుండా చెమటలు, ఆయాసం మాత్రమే రావొచ్చు.

అపోహ: పురుగుల మందు తాగితే ఉప్పునీళ్ళో సబ్బునీళ్ళో తాగించి కక్కించాలి.

వాస్తవం: మా ప్రాంతంలో పత్తి, మిరప వేసే ఊళ్ళ నుంచి ఈ కేసులు రాని వారం ఉండదు. కక్కిస్తే ఆ మందు, దాంట్లో కలిపిన కిరసనాయిలు లాంటి ద్రావకం ఊపిరితిత్తుల్లోకి పోతుంది, మత్తులో ఉంటే ఇంకా ప్రమాదం. సబ్బునీళ్ళు ఒంటికి వాడండి, నోటికి కాదు: తడిసిన బట్టలు తీసేసి ఒళ్ళు కడిగి, ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టి, ఆ డబ్బా జాగ్రత్తగా కవర్లో పెట్టి తీసుకురండి. డబ్బా చాలా ముఖ్యం. గడ్డి మందు పారాక్వాట్ అయితే సాచురేషన్ బాగా పడితే తప్ప మేం ఆక్సిజన్ పెట్టం, అది ఊపిరితిత్తుల్ని ఇంకా కాలుస్తుంది, అదే మోనోక్రోటోఫాస్ లాంటి పురుగుల మందు అయితే ఆక్సిజన్, విరుగుడుగా అట్రోపిన్ రెండూ కావాలి.

అట్రోపిన్ దగ్గర కొత్త డాక్టర్లు చేసే పొరపాటు కంటిపాప చూసి ఇవ్వడం. పాప పెద్దదయ్యిందని ఆపేస్తారు, లోపల ఛాతీలో నీరు అలాగే గరగరలాడుతుంటుంది. మన దగ్గర ఆంపుల్‌లో 0.6 మిల్లీగ్రాములు ఉంటుంది, మూడు నుంచి ఐదు ఆంపుల్స్‌తో మొదలుపెట్టి, సరిపోకపోతే ఐదు నిమిషాలకోసారి రెట్టింపు చేస్తూ పోవాలి. ఛాతీ పొడిబారిందా, చంకలు ఆరాయా, పల్స్ 80 దాటిందా, పై బీపీ 80 దాటిందా, వీటికోసం చూడాలి. జ్వరం వచ్చి, కలవరిస్తూ, కడుపులో పేగుల శబ్దం ఆగిపోయిందంటే ఎక్కువైందని తగ్గించాలి. ఈ లెక్క ఏ మిషనూ చెప్పదు, రాత్రంతా చేత్తో చంక తడిమి చూడాల్సిందే.

అపోహ: వెంటిలేటర్ పెట్టారంటే ఇక మనిషి రాడు, డబ్బుల కోసం పెడతారు.

వాస్తవం: ఈ అనుమానం ఎందుకొచ్చిందో నాకు తెలుసు, సరిగ్గా మాట్లాడకుండా సంతకం పెట్టించుకున్న చోట్ల వచ్చింది, దానికి సమాధానం మేం చెప్పుకోవాలి. కానీ పురుగుల మందు పేషెంట్ మొదటిరోజు తేరుకుని, మాట్లాడి, రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్యలో ఊపిరి కండరాలు సడలిపోయి ఊపిరి ఆగిపోవచ్చు. దీన్ని ముందే పట్టుకోడానికి మేం రోజూ రెండుమూడుసార్లు ఒకటే అడుగుతాం, "తల దిండు మీంచి లేపు నాయనా" అని. మెడ లేవట్లేదంటే ఊపిరికి కూడా బలం పోతున్నట్టు, ట్యూబ్ వేసి వెంటిలేటర్ పెడతాం. అది ఆ కండరాలకి బలం వచ్చేదాకా మనిషి బదులు ఊపిరి పీల్చే పరికరం, అంతే. వారం పట్టొచ్చు, ఎక్కువే పట్టొచ్చు. మొన్న ఒక కౌలు రైతు భార్య అలాగే రోజూ ఐసీయూ తలుపు దగ్గర "తల లేపాడా సార్" అని అడిగేది, ఆవిడకి అప్పటికి మా జూనియర్ల కంటే బాగా తెలిసిపోయింది ఏం చూడాలో. పదకొండో రోజు పొద్దున లోపలికి పిలిచి, ఆవిడ చేతే అడిగించాం. దిండుకీ తలకీ మధ్య జానెడు ఖాళీ వచ్చింది, ఆవిడ చెయ్యి పెట్టి చూసుకుంది.