ఈసుడు రోగం: గొర్రెను లెక్కలోంచి వదిలేసిన ఏడాది

తెలంగాణ గొర్రెల పంపిణీ పథకం మళ్లీ నలుగురి నోళ్లలో నానుతోంది. ఏసీబీ కేసులు, ఈడీ సోదాలు, కాగ్ అభ్యంతరాలు అన్నీ తిరిగి బయటికొచ్చాయి. 2017లో పథకం ఎందుకు పుట్టింది, 20 గొర్రెలూ ఒక పొట్టేలూ ఉన్న యూనిట్‌లో ఎవరి వాటా ఎంత అన్నది అందరికీ తెలిసిందే, దాన్ని ఇక్కడ మళ్లీ తవ్వడం లేదు. ఎవరు ఎంత తిన్నారో తేలాల్సిందే. కానీ గొల్ల కురుమల దొడ్ల దగ్గర కూర్చుంటే వినిపించే బాధ ఇంకొకటి ఉంది. వచ్చిన గొర్రెలు ఈసుకపోయాయని చెబుతారు. అంటే నెలలు నిండకుండానే కడుపులో పిల్ల పడిపోయిందని.

గొర్రె చూలు ఐదు నెలలు. ఆఖరి రెండు నెలల్లో, కాపరి ఇక ఈతకొస్తుందని ఎదురుచూసే వేళ, పిల్ల పడిపోతుంది. దీనికి కారణాలు చాలానే ఉంటాయి. అయితే మందలో ఒకదాని తర్వాత ఒకటి పడిపోతుంటే ముందుగా అనుమానించాల్సిన వాటిలో బ్రూసెల్లా ఒకటి. అదొక బ్యాక్టీరియా, దాంతో వచ్చేదే ఈసుడు రోగం, అంటే బ్రూసెల్లోసిస్. పడిపోయిన పిల్లలో, మాయలో, ఉమ్మనీటిలో అది కోట్ల సంఖ్యలో ఉంటుంది. ఆ తడి తగిలిన గడ్డిని పక్క గొర్రె నాకితే చాలు.

ఇవాళ్టి గొడవకు మూలం 2017లో ఉందని అందరూ అంటున్నారు. నా మటుకు నేను 2019 దగ్గర ఆగుతాను.

ఆ ఏడాది సెప్టెంబరు 11న మథురలో ప్రధాని జాతీయ పశువ్యాధుల నియంత్రణ కార్యక్రమాన్ని ప్రారంభించారు. ఐదేళ్లకు 13,343 కోట్ల రూపాయలు, ఖర్చంతా కేంద్రానిదే. లక్ష్యం రెండు రోగాలు: గాలికుంటు, బ్రూసెల్లోసిస్. గాలికుంటు టీకా జాబితాలో ఆవులు, గేదెలు, పందులతో పాటు గొర్రెలు, మేకలు కూడా ఉన్నాయి. అదే కాగితంలో బ్రూసెల్లోసిస్ దగ్గరికొచ్చేసరికి నాలుగు నుంచి ఎనిమిది నెలల వయసున్న ఆడ దూడలకే టీకా. ఏటా సుమారు 3.6 కోట్ల పెయ్యలు, దున్నపెయ్యలు. గొర్రె లేదు, మేక లేదు.

అదే ఏడాది పశుగణన ఫలితాలొచ్చాయి. తెలంగాణలో గొర్రెలు 1.90 కోట్లు, దేశంలోనే మొదటి స్థానం. 2012లో అవి 1.28 కోట్లు. హైదరాబాద్‌లో ఈ అంకెను పండగలా చెప్పుకున్నారు. ఇన్ని జీవాలు ఆంధ్ర నుంచీ కర్ణాటక నుంచీ మహారాష్ట్ర నుంచీ తరలివచ్చి కొత్త మందల్లో కలిశాయి కదా, వాటికి ఈసుడు రోగం రక్షణ ఏదని ఆ పండగలో గట్టిగా అడిగినవాళ్లు కనిపించరు.

ఇందులో మనసును కలచివేసేది ఒకటుంది. ఈ రోగం మనుషులకు ఎలా వస్తోందో మొట్టమొదట బయటపడింది మేక వల్లే. మాల్టా దీవిలో బ్రిటిష్ సైనికుల్ని వేధించిన జ్వరానికి కారణమైన సూక్ష్మజీవిని డేవిడ్ బ్రూస్ 1887లో గుర్తించాడు. అది మేకల్లో ఉందని, వాటి పచ్చిపాలతో మనుషులకు చేరుతోందని 1905లో థెమిస్టోక్లిస్ జామిట్ కనిపెట్టాడు. సైన్యం మేకపాలు మానేశాక జ్వరాలు తగ్గిపోయాయి. గొర్రెలు, మేకల్లో ఉండే ఈ రకం, బ్రూసెల్లా మెలిటెన్సిస్, మనిషికి పశువుల రకం కంటే ప్రమాదకరం.

అధికారుల వైపు వాదన కూడా కొట్టిపారేసేది కాదు. గొర్రెలకు రెవ్-1 అనే టీకా ఉంది, మధ్యధరా దేశాల్లో కంట్లో చుక్కగా వేస్తారు. అది బతికున్న సూక్ష్మజీవితో చేసింది, చూడి గొర్రెకు వేస్తే అదే పిల్లను పడగొట్టవచ్చు. పొరపాటున సూది గుచ్చుకుంటే టీకా వేసేవాళ్లకే జబ్బు రావచ్చు. పైగా మనుషుల చికిత్సలో వాడే స్ట్రెప్టోమైసిన్‌కు అది లొంగదు. ఇవన్నీ నిజాలే. అయితే టీకా కష్టమైనప్పుడు కనీసం రక్తపరీక్ష ఉండాలి, కొత్తగా వచ్చిన జీవాల్ని కొన్నాళ్లు విడిగా కట్టేసే ఏర్పాటు ఉండాలి. అంటువ్యాధుల నివారణకు 2009లో చేసిన చట్టం జాబితాలో బ్రూసెల్లోసిస్ ఉంది, చెక్‌పోస్టులు పెట్టి, జీవాల్ని విడిగా ఉంచి తనిఖీ చేసే అధికారమూ అందులో ఉంది.

సంతలో గొర్రెను కొనేటప్పుడు నోరు తెరిచి పళ్లు చూస్తారు, నడుం నొక్కి చూస్తారు. ఈసుడు రోగం పళ్లలో కనిపించదు. గొర్రె మేస్తుంది, నడుస్తుంది, చూలు కడుతుంది.

ఇక్కడే పథకం అక్రమాలకూ రోగానికీ ముడి పడింది. జీవాల్ని తరలించినట్టు రాసిన వాహనాల నంబర్లు మోటారు సైకిళ్లవీ ఆటోలవీ అని, ఒకే ట్యాగ్ నంబరు మళ్లీ మళ్లీ పడిందని కాగ్ తప్పుపట్టింది. దీన్ని మనం డబ్బు మోసంగానే చూశాం. పశువైద్యుడి కంటితో చూడండి. ఏ గొర్రె ఏ ఊరి మంద నుంచి వచ్చిందో చెప్పాల్సింది ఆ ట్యాగే. అది అబద్ధమైతే రోగం దారి కూడా చెరిగిపోయినట్టే. ఇప్పుడు మీ మందలోకి ఇది ఎక్కడి నుంచి వచ్చిందని కాపరిని అడిగితే అతనేం చెప్పగలడు?

రాత్రిపూట దొడ్డిలో గొర్రె నొప్పులు పడుతుంటే కాపరి చేతికి గ్లౌజు ఉండదు. మోచేతి దాకా చొక్కా మడిచి, పిల్ల కాళ్లు దొరకబుచ్చుకుని లాగుతాడు. ఊపిరాడకపోతే పిల్ల మూతికి అంటిన జిగురు వేళ్లతో తుడిచి, ముక్కులో నోటితో ఊదుతాడు. మాయను తీసి కుక్కలకు దొరక్కుండా దూరంగా విసిరేసి, గొంగడికి చేతులు తుడుచుకుంటాడు. కొన్ని వారాలకు సాయంత్రం పూట జ్వరం మొదలవుతుంది. చెమటలు, నడుం నొప్పి, కీళ్ల నొప్పులు. తగ్గుతుంది, మళ్లీ వస్తుంది. ఊళ్లో టైఫాయిడ్ అంటారు, మందులు మారుస్తారు. అతను హైదరాబాద్ దాకా వచ్చినా, వృత్తి ఏమిటని డాక్టరు అడిగితేనే సరైన పరీక్ష రాస్తారు. డాక్సీసైక్లిన్‌తో పాటు ఇంకో మందు కలిపి ఆరు వారాలు వాడితే తగ్గే జబ్బు ఇది. జియాగూడ కబేళాలో కడుపు భాగాలు శుభ్రం చేసేవాళ్లకూ ఇదే ముప్పు. తినేవాళ్లు కంగారు పడక్కర్లేదు, బాగా ఉడికిన మాంసంతో రాదు. పచ్చిపాలు మాత్రం కాచి తాగాల్సిందే.

ఈ నగరంలో ఏ వసతికీ కొదవ లేదు. దూడలకు వేసే బ్రూసెల్లా టీకాను తయారుచేసే ఇండియన్ ఇమ్యునలాజికల్స్ గచ్చిబౌలిలోనే ఉంది. జాతీయ పశు జీవసాంకేతిక సంస్థ కూడా అక్కడే, మనుషులకూ పశువులకూ ఉమ్మడిగా వచ్చే రోగాలపై 27 సంస్థల బృందానికి 2021లో నాయకత్వం అప్పగించింది దానికే. శాంతినగర్‌లోని రాష్ట్ర సంస్థ గొర్రెలకు చిటుక రోగం టీకా చేస్తోంది.

కేసులు తేలేలోపు చేయదగ్గ పని ఒకటుంది. పథకం గొర్రెలు చేరిన మందల్లో కొన్నింటిని ఎంచి, రక్తం తీసి, రోజ్ బెంగాల్ పరీక్ష చేయాలి. పలక మీద ఒక చుక్క రక్తరసి, ఒక చుక్క గులాబీ రంగు మందు కలిపితే నిమిషాల్లో ఫలితం తెలిసే పరీక్ష అది. వాటితో పాటు కాపరుల రక్తమూ చూడాలి. పశుబీమా గొర్రె చస్తేనే వస్తుంది. పిల్ల పడిపోయిన గొర్రె బతికే ఉంటుంది కాబట్టి, పథకంలో తన వాటాగా 31,250 రూపాయలకు డీడీ కట్టిన కాపరి నష్టం ఇప్పటిదాకా ఏ లెక్కలోకీ ఎక్కలేదు.