ఉల్లిజాతి పూలమొక్కలు: వరంగల్ పెరట్లో అపోహలు - వాస్తవాలు

అపోహ: ఆన్‌లైన్‌లో కనిపించే పెద్ద ఊదా బంతుల్లాంటి పూలిచ్చే అలియం (ఉల్లి కుటుంబపు పూలమొక్క) గడ్డలు తెప్పించి నాటితే మన దగ్గరా పూస్తాయి.

వాస్తవం: పూయవు. ఆ డబ్బుతో రెండు బస్తాల వర్మికంపోస్ట్ కొనుక్కోవడం నయం. అలియం గైగాంటియం, పర్పుల్ సెన్సేషన్ లాంటి అలియం రకాల మూలం మధ్య ఆసియా, ఇరాన్ కొండ ప్రాంతాలు. చల్లబడుతున్న మట్టిలో వేరు పట్టి, ఆపైన వారాల తరబడి గట్టి చలి తగిలితేనే వాటికి పూకాడ లేస్తుంది. ఆదిలాబాద్ వైపు చలి ఎక్కువ కదా, అక్కడైనా పూస్తాయేమో అంటారు. అక్కడ రాత్రి పది డిగ్రీల లోపుకు దిగినా, పొద్దెక్కేసరికి మళ్లీ వేడెక్కుతుంది. రాత్రి దొరికిన చలి పగటి ఎండకే పోతుంది.

అపోహ: గడ్డల్ని ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే సరిపోతుంది.

వాస్తవం: పది పన్నెండు వారాలు ఫ్రిజ్‌లో ఉంచినా గడ్డకు చలి అందుతుందే తప్ప వేరు పుట్టదు. తీసి కుండీలో పెడితే మట్టి వెచ్చగా ఉంటుంది, ఆకులు నాలుగు వచ్చి ఫిబ్రవరి ఎండకు పండిపోతాయి. పైగా అదే ఫ్రిజ్‌లో అరటి, ఆపిల్ పండ్లుంటే వాటి నుంచి వచ్చే ఇథిలీన్ వాయువుకు లోపలి పూమొగ్గ చచ్చిపోవచ్చు. విత్తనాల ప్యాకెట్ల సంగతి ఇంకా అన్యాయం. అలియం విత్తనం, మామూలు ఉల్లి విత్తనం రెండూ నల్లగా, కోణాలతో ఉంటాయి. చూసి తేడా చెప్పలేం, ఒకటి చెప్పి ఇంకొకటి అమ్మినా తెలియదు. నిజమైనదే అనుకున్నా, విత్తనం నుంచి పూతకు ఏళ్లు పడుతుంది.

అపోహ: అయితే మన ఎండలకు ఉల్లిజాతి పూలే లేవు.

వాస్తవం: మూడున్నాయి, మూడూ చలి కోసం మారాం చేయనివే.

మొదటిది వంటింటి ఉల్లిగడ్డ. దీన్ని పూలమొక్కగా ఎవరూ లెక్కచేయరు గానీ, తెల్లటి గుండ్రని పూగుత్తి అందంలో దేనికీ తీసిపోదు. దసరా దాటాక, అక్టోబర్ చివర్లో గానీ నవంబర్‌లో గానీ, 60-80 గ్రాముల గట్టి గడ్డను తీసుకోండి. పైభాగం పావువంతు కోసేస్తే మొలకలు త్వరగా, ఒక్కసారిగా వస్తాయి. కోసిన గడ్డను మాంకోజెబ్ అనే బూజు తెగుళ్ల మందు కలిపిన నీళ్లలో (లీటరుకు 2.5 గ్రాములు) పది నిమిషాలు ముంచి, నీడలో ఆరబెట్టి, కోసిన చోటు దాకా మట్టిలో పెట్టండి. గడ్డకూ గడ్డకూ అడుగు దూరం. మన చలికాలం దీనికి చాలు. జనవరి చివర, ఫిబ్రవరిలో ఒక్కో గడ్డకు కొన్ని కాడలు లేస్తాయి. కాడ లోపల బోలు, గాలికి మధ్యలో విరుగుతుంది కాబట్టి ముందే పుల్ల కట్టాలి. తేనెటీగలు ముసిరే వేళ మందులు కొట్టొద్దు.

రెండోది గార్లిక్ చైవ్స్, అంటే అలియం ట్యూబరోసమ్. చదునైన ఆకులు, తెల్ల నక్షత్రాల్లాంటి పూలు. ఏటా గడ్డ తీసి దాచే పని లేదు. గుబురు చిక్కబడ్డాక విడదీసి నాటుకోవచ్చు. విత్తనం నల్లబడకముందే పూగుత్తి కోసేయాలి, లేకుంటే పెరడంతా అదే మొలుస్తుంది.

మూడోది తుల్బాగియా. ఇది అసలు అలియం కాదు, దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన దగ్గరి చుట్టం. లేత ఊదా పూలు, నలిపితే ఎల్లిగడ్డ వాసన. మే నెలలో మధ్యాహ్నం నీడ పడే చోట ఉంచితే తట్టుకుంటుంది.

అపోహ: గడ్డ మొక్కలకు నీళ్లు ఎంత పెడితే అంత మంచిది.

వాస్తవం: ఇక్కడే ఎక్కువ మొక్కలు పోతాయి, అదీ ఎండకు కాదు, వానకు. ఎర్ర చెల్క నేలలో నీళ్లు దిగిపోతాయి. నల్లరేగడిలో జులై, ఆగస్టు వానలకు అడుగున తడి నిలిచి గడ్డ మొదలు కుళ్లుతుంది. పైన ఆకు కొన నుంచి పసుపెక్కుతుంటే నీళ్లు చాలలేదనుకుని మళ్లీ పోస్తారు. అడుగు లోతు గుంత తీసి నీళ్లు నింపండి. రెండు గంటలకూ ఇంకకపోతే ఆ చోట నేరుగా నాటొద్దు. తొమ్మిది అంగుళాల ఎత్తు మడి కట్టి, రెండు పాళ్లు ఎర్రమట్టికి ఒక పాలు ఇసుక, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు కలపండి. పచ్చి పెంట వేస్తే కుళ్లు ఇంకా పెరుగుతుంది.

అపోహ: ఘాటు వాసన ఉంది కాబట్టి పురుగు పట్టదు, పాములూ రావు.

వాస్తవం: ఉల్లికి ప్రధాన శత్రువే తామర పురుగు. ఆకు మడతల్లో దాక్కుని గీరి రసం పీలుస్తుంది, ఆకు మీద వెండి రంగు చారలు పడతాయి. లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కొద్దిగా సబ్బు ద్రావణం కలిపి సాయంత్రం పూట ఆకు మొదట్లో తగిలేలా కొట్టాలి. పాముల సంగతి సరేసరి: రాళ్ల కుప్పా ఎలుకలూ ఉన్నచోటికి అవి వస్తాయి, వాసన వాటికి అడ్డం కాదు.

అపోహ: ఉల్లికాడలా కనిపించేదంతా తినొచ్చు.

వాస్తవం: చాలా ఇళ్లలో ఉండే రెయిన్ లిల్లీ ఆకు, గడ్డ అచ్చం ఉల్లిలాగే ఉంటాయి గానీ విషం. ఆకు నలిపి చూడండి, ఉల్లి వాసన రాకపోతే వంటింటికి తేవద్దు. వాసన వచ్చే అసలైన ఉల్లిజాతి కూడా కుక్కలకు, పిల్లులకు పనికిరాదు. తింటే వాటి ఎర్ర రక్తకణాలు చిట్లుతాయి. పెంపుడు జంతువులున్న ఇంట్లో ఈ మడికి కంచె వేయండి.