మందుకు కొవ్వు తోక: నువ్వుల నూనె సూది నుంచి సెమాగ్లూటైడ్ దాకా

మధుమేహానికి, బరువు తగ్గడానికి వాడే సెమాగ్లూటైడ్‌కు మన దేశంలో పేటెంట్ గడువు 2026 మార్చి వరకే కావడంతో, హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్ సహా పలు కంపెనీలు జనరిక్ తయారీకి ముందునుంచే సిద్ధపడ్డాయి. ధర ఎంత తగ్గుతుందన్న చర్చ బాగానే జరిగింది గానీ, ఒక సూది వారం పాటు ఒంట్లో ఎలా పనిచేస్తుందన్నది అంతగా చర్చకు రాలేదు. ఆ రహస్యంలో పెద్ద వాటా, మందు అణువుకు అతికించిన ఒక కొవ్వు గొలుసుది.

ఈ ఆలోచన పాతదే. రోజూ మాత్ర వేసుకోవడానికి ఇష్టపడని మానసిక రోగుల కోసం 1960లలోనే ఫ్లూఫెనజీన్ అనే మందుకు కొవ్వు ఆమ్లాన్ని జోడించి, నువ్వుల నూనెలో కరిగించి ఇచ్చేవారు. తర్వాత మరో మానసిక వ్యాధుల మందు హాలోపెరిడాల్ డెకనోయేట్ కూడా ఇదే బాటలో, అదే నూనెలో వచ్చింది. చిక్కటి ఆ నూనెను పిరుదు కండరంలోకి లోతుగా ఎక్కిస్తే, నూనెను వదలడానికి ఇష్టపడని మందు కొద్దికొద్దిగా బయటికి ఊరుతుంది. ఎంజైములు దాని పది కార్బన్ల తోకను తెంచేశాకే అసలు మందు పనిలోకి దిగుతుంది. ఒక్క సూది నెలకు సరిపోతుంది. పిల్లల సిరప్‌లో క్లోరాంఫెనికాల్ అనే యాంటీబయాటిక్ చేదు నాలుకకు తగలకుండా, కొవ్వు ఆమ్లం జోడించిన పామిటేట్ రూపంలోకి మార్చినదీ ఇదే కిటుకుతో.

ఆ తరం మందులకు తోక తెగాలి; తర్వాతి తరానికి అది ఉండిపోవాలి. రక్తంలో కొవ్వు ఆమ్లాలను మోసే ఆల్బుమిన్ పెద్ద ప్రోటీన్ కాబట్టి మూత్రపిండాల వడపోతలో జారిపోదు. దాన్ని పట్టుకుని వేలాడగలిగితే చిన్న మందు కూడా దానితోపాటే తిరుగుతుంది. పద్నాలుగు కార్బన్ల మిరిస్టిక్ ఆమ్లం తగిలించిన ఇన్సులిన్ డెటెమిర్ 2004లో యూరప్‌లో అనుమతి పొందింది.

అసలు పరీక్ష జీఎల్‌పీ-1 దగ్గర ఎదురైంది. పేగులు విడుదల చేసే, చక్కెరనూ ఆకలినీ అదుపుచేసే ఈ హార్మోన్ రక్తంలో రెండు నిమిషాల్లోనే సగానికి పడిపోతుంది. డెన్మార్క్‌కు చెందిన నోవో నోర్డిస్క్‌లో లోట్టె బ్యెరె క్నుడ్సెన్ బృందం దానికి పదహారు కార్బన్ల తోక తొడిగి లిరాగ్లూటైడ్‌ను తయారుచేసింది. అర్ధాయువు (రక్తంలో మందు సగానికి తగ్గే సమయం) సుమారు 13 గంటలకు పెరిగింది, రోజుకో సూది చాలింది. సెమాగ్లూటైడ్‌లో తోక పద్దెనిమిది కార్బన్లకు పెరిగి, రెండు చివరలా ఆమ్లం ఉండేలా మారడంతో ఆల్బుమిన్ మీద పట్టు బిగిసింది. అర్ధాయువు వారానికి చేరింది. అమెరికా 2017 డిసెంబరులో దీన్ని అనుమతించింది. అయితే ఘనతంతా కొవ్వుకే కట్టబెట్టడం సరికాదు: జీఎల్‌పీ-1ను ముక్కలు చేసే డీపీపీ-4 ఎంజైము కోసే చోట ఉన్న అలనిన్ అనే అమైనో ఆమ్లాన్ని మరో దానితో మార్చకపోతే, ఎంత పొడవు తోక ఉన్నా మందు అంతకాలం నిలిచేది కాదు.

ఈ తోక రక్తంలో ఆయువు పెంచింది గానీ, పొట్ట గోడను దాటించలేకపోయింది. 2019లో వచ్చిన సెమాగ్లూటైడ్ మాత్రలో అందుకోసం శాల్కాప్రోజేట్ సోడియం అనే తోడు పదార్థాన్ని కలపాల్సి వచ్చింది. పరగడుపున అర గ్లాసుకు మించని నీళ్లతో మింగి, అరగంట ఏమీ తినకుండా ఉన్నా రక్తంలోకి చేరేది సుమారు 1 శాతమే. అందుకే సూదిగా వారానికి 1 మిల్లీగ్రాము తీసుకునే మందును, 14 మిల్లీగ్రాముల మాత్రగా రోజూ వేసుకుంటే వారానికి 98 మిల్లీగ్రాములు మింగాల్సి వస్తోంది.