వాల్వు కట్టగానే ‘ధన్’మనే పైపు

పొదలకూరు దగ్గర నిమ్మతోట ఉన్న ఒక రైతు ఫోన్ చేసి అడిగారు: “వాల్వు కట్టేయంగానే పైపు ధన్‌మంటా ఉంది సార్. మూడుసార్లు ఆ మలుపు కాడే పగిలింది. మా నాయన దిష్టి అంటా ఉండాడు. ఏం జేసేది?”

ఆ చప్పుడు పేరు వాటర్ హామర్, అంటే నీటి సుత్తిదెబ్బ. భౌతికశాస్త్రంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన విషయాల్లో ఇదొకటి.

బిట్రగుంట యార్డులో గూడ్సు బండి ఆగడం చూసినవాళ్లకు ఇది సగం తెలిసినట్టే. ఇంజను ఆగుతుంది. మొదటి వ్యాగను దాన్ని గుద్దుకుని ఆగుతుంది, రెండోది మొదటిదాన్ని, మూడోది రెండోదాన్ని. బండి నడక మెల్లగానే ఉన్నా ఆ ధడధడ మాత్రం చివరిదాకా పరుగెత్తుతుంది. పైపులోనూ ఇంతే. వాల్వు దగ్గరి నీరు ఆగినా వెనక నీటికి ఆ కబురు ఇంకా అందదు, వచ్చి నొక్కుతుంది. వ్యాగన్ల మధ్య ఉండే బఫర్ స్ప్రింగు నొక్కుకున్నట్టు నీరు కాస్త కుదించుకుంటుంది, పైపు కాస్త ఉబ్బుతుంది. స్ప్రింగు ఎంత బిరుసైతే కబురు అంత జోరుగా పోతుంది, దెబ్బ కూడా అంత గట్టిగా తగులుతుంది. ఈ కబురే ఒత్తిడి అల. ఉక్కు పైపులో దాని వేగం సాధారణంగా సెకనుకు వెయ్యి మీటర్ల పైమాటే. పీవీసీ మెత్తన కాబట్టి సుమారు 400.

నీరు కుదించుకోదని బడిలో చెబుతాం. ఆ ఒక్క వాక్యం పిల్లల్ని ఈ విషయానికి దూరం చేస్తుందని నా బాధ. నీరూ పైపూ రెండూ ఏమాత్రం లొంగకపోతే, ఠక్కున కట్టిన ప్రతి వాల్వూ పైపును పగలగొట్టాలి.

ఇప్పుడు లెక్క. నీటి సాంద్రత, అల వేగం, ఆగిపోయిన నీటి వేగం, ఈ మూడింటినీ గుణిస్తే పెరిగే ఒత్తిడి వస్తుంది. నికొలాయ్ జుకోవ్‌స్కీ 1897లో మాస్కో నీటి పైపుల మీద ప్రయోగాలు మొదలుపెట్టి తేల్చిన సూత్రమిది. నీరు సెకనుకు 1.5 మీటర్ల వేగంతో వస్తుంటే 1000 × 400 × 1.5, అంటే 6 లక్షల పాస్కల్స్. మన భాషలో దాదాపు 6 కేజీలు, అంటే చదరపు సెంటీమీటరుకు 6 కేజీల ఒత్తిడి. అప్పటికే ఉన్న 2 కేజీలు కలిస్తే 8. తోటలో వేసింది 4 కేజీల ఒత్తిడికి తగ్గ పైపు!

మలుపు దగ్గరే ఎందుకు? 3 అంగుళాల పైపు నోరు సుమారు 45 చదరపు సెంటీమీటర్లు. 8 కేజీల ఒత్తిడికి ఒక్కో వైపు నుంచి 360 కేజీల తోపు. రెండు వైపులా కలిసి ఎల్బోను, అంటే మలుపు ముక్కను, 500 కేజీలకు పైగా బయటికి నెడతాయి. అక్కడ కావాల్సింది దిష్టి తీయడం కాదు, ఎల్బో వెనక కాంక్రీటు దిమ్మె.

ఈ దెబ్బ భయం గోల్ఫ్ మైదానాల్లోనూ ఉంది. అక్కడ కిలోమీటర్ల కొద్దీ పైపులు మట్టికింద ఉంటాయి, వాల్వులు రాత్రిపూట వాటంతటవే తెరుచుకుని మూసుకుంటాయి. అందుకే నీటి వేగం సెకనుకు 5 అడుగులు దాటకుండా పైపు సైజు ఎంచుకుంటారు. రిపేరు చేశాక ఖాళీ పైపును చాలా మెల్లగా నింపుతారు. లోపలి గాలి సులువుగా దూసుకుపోతుంది, దాని వెనకే వచ్చిన నీరు స్ప్రింక్లర్ సన్నని నోటి దగ్గర గబుక్కున ఆగి అదే దెబ్బ కొడుతుంది.

తోటలో 400 మీటర్ల పైపు ఉంటే కబురు అవతలి కొసకు వెళ్లి తిరిగి రావడానికి 2 సెకన్లు. అంతకంటే త్వరగా కట్టేస్తే దెబ్బ పూర్తిగా తగులుతుంది. పావు తిప్పుతో మూసుకునే బాల్ వాల్వు ప్రమాదం ఇదే. ఆ రైతును మొదట పక్కనున్న ఇంకో వాల్వు తెరిచి, తర్వాత దీన్ని కట్టమన్నాను. చక్రం తిప్పి మూసే గేట్ వాల్వు అయినా మొదటి చుట్లలో నీరు పెద్దగా తగ్గదు. అసలు కోత చివరి రెండు మూడు చుట్లలోనే, అక్కడ చెయ్యి బాగా నెమ్మదించాలి.