పెల్లెట్లు తినేది పెట్టె, కోడి కాదు

మా అమ్మ మొదటిసారి డాలస్ వచ్చినప్పుడు పెరట్లో ఉన్న గ్రిల్ చుట్టూ ఒకసారి తిరిగి, మూత ఎత్తి లోపలికి తొంగి చూసి, "ముగ్గురికి ఇంత పొయ్యేంట్రా?" అంది. అప్పుడు నవ్వేశాను. ఆ ప్రశ్నలో ఎంత ఫిజిక్స్ ఉందో తెలుసుకోవడానికి నాకు రెండు చలికాలాలు, చాలా పెల్లెట్ సంచులు పట్టాయి.

అది పెల్లెట్ గ్రిల్, అంటే రంపపు పొట్టుతో చేసిన గుళికలు కాల్చే పొయ్యి. వండే చోటు 880 చదరపు అంగుళాలు. సేల్‌లో కొన్నాను. పెద్దదుంటే చిన్న వంటా అవుతుంది, పెద్ద వంటా అవుతుంది, చిన్నదుంటే పెద్ద వంట అవ్వదు కదా అన్నది నా లెక్క. అదే మనిషిని పావుకిలో బియ్యం పది లీటర్ల డేగిశాలో వండమంటే ఒప్పుకోను. పొయ్యి దగ్గరికి వచ్చేసరికి బుద్ధి పనిచెయ్యలేదు.

అమ్మకి ఆ ప్రశ్న రావడానికి కారణం ఉంది. రాజమండ్రిలో తను పెరిగిన ఇంట్లో పొట్టు పొయ్యి ఉండేది. చూడనివాళ్ల కోసం చెబుతాను. ఒక రేకు డబ్బా, అడుగున పక్కకి ఒక కన్నం. డబ్బా మధ్యలో సీసా నిలబెట్టి, కింది కన్నంలోంచి సీసాకి తగిలేదాకా గుండ్రటి కర్ర దూర్చి, చుట్టూ రంపపు పొట్టు పోసి పిడికిలితో దట్టంగా కూరతారు. తర్వాత సీసాని మెల్లగా తిప్పుతూ పైకి లాగేసి, కర్ర కూడా తీసేస్తే పొట్టు మధ్యలో గొట్టంలా ఖాళీ మిగులుతుంది. కింద నిప్పు పెడితే గాలి కన్నంలోంచి లోపలికి, మంట గొట్టంలోంచి పైకి. పొట్టు లోపలి వైపు నుంచి కొంచెం కొంచెంగా కాలుతూ గంటల తరబడి మండుతుంది. అంటుకున్నాక మధ్యలో ఆపడం కష్టం. అందుకే వంట ఎంతసేపో ముందే లెక్కేసుకుని దానికి తగ్గ డబ్బా తీసేవాళ్లు. నలుగురున్న ఇంటికి డాల్డా డబ్బా, కాఫీ హోటలుకైతే డ్రమ్ము. పొట్టు అడితి నుంచి గోనెసంచుల్లో వచ్చేది.

పెల్లెట్ గ్రిల్‌లో కాలేదీ ఆ పొట్టే. 1970లలో చమురు ధరలు మండిపోయినప్పుడు అమెరికాలో దానికి బదులుగా పెల్లెట్ల వాడకం మొదలైంది. పొట్టుని బాగా ఆరబెట్టి, ఉక్కు దిమ్మెలో పావు అంగుళం చిల్లుల గుండా విపరీతమైన ఒత్తిడితో తోస్తారు. జంతికల గొట్టం గుర్తొస్తే చాలు. రాపిడికి వేడెక్కి కలపలోని లిగ్నిన్ అనే జిగురులాంటి పదార్థం మెత్తబడి, పొట్టుని పట్టి ఉంచుతుంది. చల్లారాక గట్టి గుళికలు. ఓరెగాన్ రాష్ట్రంలో మౌంట్ ఏంజెల్ అనే ఊళ్లో జో ట్రేగర్ అనే ఆయన 1980ల మధ్యలో ఈ గుళికలతో మాంసం కాల్చే యంత్రం చేశాడు. ఆయన పేటెంట్ గడువు తీరిపోయాక కంపెనీలు వరస కట్టాయి. ఇప్పుడు షాపులో ఒక నడవా నిండా ఇవే.

లోపల జరిగేది ఇది. పక్కన ఉన్న హాపర్ అనే డబ్బాలో పెల్లెట్లు పోస్తాం. కీమా మెషిన్‌లో మాంసాన్ని ముందుకి తోసే మర లాంటిదొకటి వాటిని లోటా అంత ఉండే నిప్పుల గిన్నెలోకి తోస్తుంది. కరెంటుతో ఎర్రగా కాలే ఒక కడ్డీ మొదటి కొన్ని నిమిషాల్లో వాటిని అంటిస్తుంది, ఫ్యాన్ ఊదుతుంది. మంట మీద ఒక ఉక్కు పలక, దాని పైన కొవ్వు జారే పళ్లెం, ఆ పైన జాలీ. వేడిని కొలిచే తీగ ఒకటి లోపల ఉంటుంది. వేడి తగ్గితే కంట్రోలర్ మరని తిప్పుతుంది, చాలనుకుంటే ఆపుతుంది. అంటే పేరుకి గ్రిల్ గానీ నిజానికి ఇది పొగ ఉన్న ఓవెన్. మంట మాంసాన్ని తాకదు. మంట పెట్టెలోని గాలిని, రేకుని వేడి చేస్తుంది, ఆ గాలి మాంసాన్ని వండుతుంది.

సైజు సంగతి అంతా ఈ ఒక్క మాటలో ఉంది. నమ్మకం కుదరకపోతే లెక్క చూద్దాం.

కిలో కోడి కాళ్లు, అంటే లెగ్ పీసులు, ఫ్రిజ్‌లోంచి తీశాం, 5 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉన్నాయి. వాటిని 75 డిగ్రీలకి తేవాలి. మాంసంలో ఎక్కువ భాగం నీళ్లే కాబట్టి, నీళ్ల కన్నా కొంచెం తక్కువగా, దీనికి సుమారు 240 కిలోజూల్స్ పడతాయి. ఉడికేలోపు 200 గ్రాముల నీరు ఆవిరైందనుకుందాం, అది ఇంకో 450. మొత్తం 700 కిలోజూల్స్ దగ్గర. ఇక ఖర్చు వైపు. కిలో పెల్లెట్లలో దాదాపు 18,000 కిలోజూల్స్ ఉంటాయి. గ్రిల్ వేడెక్కడం నుంచి కాళ్లు దిగేదాకా గంట, గంటంపావు. 375 ఫారెన్‌హీట్ దగ్గర ఆ సమయంలో 2 పౌన్లు, అంటే 900 గ్రాముల పెల్లెట్లు అయిపోయాయనుకుంటే, కాలింది 16,000 కిలోజూల్స్. కోడిలోకి వెళ్లింది వందలో నాలుగు వంతులు. మిగతా తొంభై ఆరు రేకుని వేడి చెయ్యడానికి, పొగగొట్టంలోంచి బయటికి, మా పెరట్లోని గాలికి.

కాబట్టి రెండు కాళ్లు కాల్చినా ఇరవై కాల్చినా పెల్లెట్ల ఖర్చు పెద్దగా మారదు. పెల్లెట్లు తినేది పెట్టె. కోడి ఏదో రుచి చూస్తుందంతే.

పెట్టె ఎంత తింటుందన్నది రెండు విషయాల మీద ఆధారపడుతుంది: గాలి తగిలే రేకు ఎంత ఉంది, లోపలికీ బయటికీ వేడిలో తేడా ఎంత. పెద్ద మోడళ్లు చాలావరకు అదే పీపా ఆకారపు పెట్టెని పొడుగు చేసినవే. పీపా పొడవు రెట్టింపైతే రెండు చివరల మూతలు తప్ప రేకంతా రెట్టింపే. రెండోది వాతావరణం. 225 డిగ్రీల ఫారెన్‌హీట్ పెట్టి, జూలైలో బయట 95 ఉంటే తేడా 130. జనవరి పొద్దున 30 ఉంటే తేడా 195. అదే వంటకి ఒకటిన్నర రెట్ల నష్టం. మా ఊరి చలికే ఇలా ఉంటే, మిన్నెసోటాలో ఉన్నవాళ్లు గ్రిల్‌కి దుప్పటి కప్పడంలో వింతేమీ లేదు. ఆ దుప్పట్లు నిజంగానే అమ్ముతారు.

పొగ సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే పెద్ద గ్రిల్ అయితే ఎక్కువ పొగ పడుతుందని నేను కూడా నమ్మాను. పొగ రుచిలో ముఖ్యమైన గ్వాయకాల్, సిరింగాల్ అనే పదార్థాలు లిగ్నిన్ విరిగితే వస్తాయి. మంట చిన్నగా, కుమిలినట్టు ఉన్నప్పుడు ఇవి బాగా మిగులుతాయి. మంట జోరందుకుంటే ఇవీ కాలిపోతాయి. అందుకే 225 దగ్గర ఉన్న పొగ రుచి 400 దగ్గర ఉండదు. పెట్టె పొడవుకీ దీనికీ సంబంధం లేదు. ఖాళీగా ఉన్న పొడుగాటి పెట్టెలో ఆరు కాళ్లు పెడితే, పొగలో చాలాభాగం వాటిని పలకరించకుండానే గొట్టం దారి పడుతుంది. రుచి కావాలంటే మాంసం చల్లగా, తడిగా ఉన్నప్పుడే లోపల పెట్టాలి. పొగ చల్లటి తడి మీదే బాగా పడుతుంది.

సరే, మరి ముగ్గురికి ఎంత?

డబ్బా మీది అంకెని నమ్మకండి. అందులో పై అర కూడా కలిపి ఉంటుంది. పేరులోనే 575 ఉన్న ఒక ప్రసిద్ధ మోడల్‌లో కింది జాలీ 420 దగ్గర, మిగతాది పైన ఉన్న సన్నటి అర. ఆ అర మీద వెల్లుల్లి రెబ్బలు, రొట్టెలు వేడి చేసుకోవచ్చు గానీ కోడి కాళ్లు పెడితే కొవ్వంతా కింద ఉన్నవాటి మీద కారుతుంది. కాబట్టి కింది జాలీ ఎంతో అడగండి.

ఆ తర్వాత ఇంట్లో ఉన్న బేకింగ్ ట్రే తియ్యండి. అమెరికా వంటిళ్లలో ఉండే మామూలు హాఫ్ షీట్ ట్రే 18 అంగుళాల పొడవు, 13 అంగుళాల వెడల్పు, అంటే 234 చదరపు అంగుళాలు. దాని మీద కోడి కాళ్లు పరిచి చూశాను. ఒకదానికొకటి తగలకుండా, చుట్టూ గాలి ఆడేలా సర్దితే ఎనిమిది పట్టాయి. తొమ్మిదోది పెడితే పక్కదానికి ఆనింది, ఆనిన చోట తోలు తెల్లగా మెత్తగా ఉండిపోతుంది. మా ముగ్గురికి ఆరు కాళ్లు చాలు, ఎనిమిదంటే పొద్దున్నకి మిగులుతాయి. పక్కన మూడు మొక్కజొన్న పొత్తులు, ఒకటో రెండో వంకాయలు. ట్రేకి ఇంకో సగం కలిపితే 350. ఇద్దరు ముగ్గురున్న ఇంటికి కింది జాలీ 300 నుంచి 400 మధ్య ఉంటే చాలన్నది నా అభిప్రాయం.

వైశాల్యం కన్నా ఒక్కోసారి పొడవు, ఎత్తు అడ్డం వస్తాయి. టెక్సాస్‌లో గ్రిల్‌ని బ్రిస్కెట్‌తో కొలుస్తారు. అది గొడ్డు రొమ్ము మాంసం, మా ఇంట్లో వండం గానీ కొలతగా బాగా పనికొస్తుంది. 12, 14 పౌన్ల పూర్తి ముక్క అడుగున్నర దాకా పొడవుంటుంది, చిన్న గ్రిల్‌లో మడత పెట్టాలి. మన వాళ్లకి ఆ స్థానంలో మేక తొడో, తలా తోకా ఉన్న చేపో వస్తుంది. థ్యాంక్స్‌గివింగ్ పండక్కి టర్కీ కోడిని కాల్చే అలవాటుంటే మూత కింద ఎత్తు చూసుకోవాలి. లేదా వెన్నెముక కోసేసి పక్షిని పుస్తకంలా తెరిచి పరిచేస్తే ఎత్తు గొడవ పోయి వెడల్పు గొడవ వస్తుంది, కాకపోతే త్వరగా, సమంగా ఉడుకుతుంది.

ఇంత చెప్పానని అన్నిటికన్నా చిన్నది కొనెయ్యకండి. కారు డిక్కీలో పట్టే 200 చదరపు అంగుళాల రకాలతో ఇంకో రకం తలనొప్పి. మర పెల్లెట్లని ఆగి ఆగి తోస్తుంది కదా. పెద్ద పెట్టెలో గుప్పెడు పెల్లెట్లు ఎక్కువ పడినా అంత ఇనుము, అంత గాలి దాన్ని సర్దుకుంటాయి. చిన్న పెట్టెలో అదే గుప్పెడు వేడిని పైకి ఎగదోస్తుంది. పైగా జాలీ మంటకి దగ్గర, నడుమ ఉన్న ముక్క మాడుతుంటే మూలనున్నది ఇంకా ఆలోచిస్తుంటుంది. క్యాంపింగ్‌కి బాగుంటాయి. రోజూ వాడే పొయ్యిగా నేను కొనను.

"మరి పార్టీ ఉంటే?" మా ఆవిడ కూడా అదే అడిగింది. పుట్టినరోజుకి ఇరవై మంది వస్తారు, తలకి రెండు కాళ్లు, నలభై. 350 చదరపు అంగుళాల జాలీ మీద విడతకి పన్నెండు, అంటే నాలుగు విడతలు. కష్టమే. కానీ గ్రిల్ చెయ్యాల్సింది పొగ పట్టించడం, ఆ పని మొదటి అరగంటలోనే చాలావరకు అయిపోతుంది. సగం ఉడికినవాటిని నేరుగా వంటింటి ఓవెన్‌లోకి మార్చి అక్కడ 165 ఫారెన్‌హీట్ లోపలిదాకా తాకేలా ఉడికించి, వడ్డించేదాకా 140కి తగ్గకుండా ఉంచితే చాలు. మధ్యలో బయట పెట్టి వదిలెయ్యకూడదు. ఏడాదికి రెండు రోజుల కోసం మిగతా 363 రోజులు ఖాళీ పెట్టెని వేడి చెయ్యడం నేను చేసిన పని.

హాపర్ విషయంలో నా తప్పు ఇంకా స్పష్టంగా తెలిసొచ్చింది. నా పాత గ్రిల్ హాపర్‌లో 20 పౌన్లు పడతాయి. వారానికి ఒక వంట, వంటకి 2 పౌన్లు. ఖాళీ అవడానికి పది వారాలు. పెల్లెట్లకి తేమ పడదు, నీరు తగిలితే ఉబ్బి, విడిపోయి మళ్లీ పొట్టు అవుతాయి. ఏప్రిల్‌లో మూడు రోజులు వాన పడింది. శనివారం స్విచ్ నొక్కితే మర కిర్రుమని ఆగిపోయింది. మూత తీస్తే అడుగున తడిసిన అటుకుల ముద్దలా ఉంది. చెంచాతో తవ్వి, వ్యాక్యూమ్‌తో పీల్చి, మర విప్పేసరికి సాయంత్రమైంది. ఆ రోజు పిజ్జా తెప్పించుకున్నాం. చిన్న కుటుంబానికి 10 పౌన్ల హాపర్ సరిపోతుంది. 225 దగ్గర గంటకి పౌను చొప్పున ఎనిమిది తొమ్మిది గంటలు నడుస్తుంది. మిగిలిన పెల్లెట్లు బిగుతు మూత ఉన్న బకెట్‌లో ఉంచుకోవాలి.

అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లు సైజు చూసేముందు లీజు చూసుకోండి. అమెరికాలో చాలా చోట్ల ఫైర్ కోడ్ ప్రకారం బహుళ కుటుంబాల భవనాల్లో చెక్క బాల్కనీ మీదగానీ, కాలే గోడకి 10 అడుగుల లోపుగానీ ఇలాంటి మంట పొయ్యిలు వాడకూడదు. చిన్నదైతే పర్లేదనే మినహాయింపు పెల్లెట్లకి లేదు.

పోయిన నెల పాతదాన్ని ఐదుగురు పిల్లలున్న ఒక ఇంటికి అమ్మేశాను. కొత్తది కొనడానికి వెళ్లేటప్పుడు మా బేకింగ్ ట్రే చంకలో పెట్టుకుని వెళ్లాను. షాపులో అబ్బాయి ట్రే తిరిగి ఇవ్వడానికి వచ్చాననుకుని రిటర్న్స్ కౌంటర్ చూపించాడు. మూత ఎత్తి ట్రేని కింది జాలీ మీద పెట్టాను. పక్కన మూడు పొత్తులు పట్టేంత చోటు మిగిలింది.