పుట్టుమచ్చను ఆపుతున్న తలుపులు

గుంటూరు నుంచి ఒక పాఠకురాలు రాశారు. వాళ్ల నాన్నగారి వీపు మీద పుట్టుమచ్చ ఈమధ్య పెరుగుతోందట. తీసి పరీక్షకు పంపుదామని డాక్టర్ అంటే, కత్తి తగిలితే కేన్సర్ అవుతుందని ఇంట్లో పెద్దవాళ్లు వద్దంటున్నారట.

కత్తి వల్ల కేన్సర్ పుట్టదు. మచ్చ ఎందుకు మారుతుందో తెలియాలంటే, అన్నేళ్లూ మారకుండా ఎందుకు ఉందో ముందు చూడాలి. నన్ను ఎప్పటికీ ఆశ్చర్యపరిచేది అదే.

మామూలు పుట్టుమచ్చల్లో చాలావాటిలో బీరాఫ్ అనే జన్యువులో ఒక్క అక్షరం మారి ఉంటుంది. దాంతో తయారయ్యే ప్రొటీన్‌లో 600వ స్థానంలో వాలీన్ అనే అమైనో ఆమ్లం పోయి గ్లుటామిక్ ఆమ్లం చేరుతుంది. ఇక 'విభజించు' అనే ఆదేశం ఆగదు. మెలనోమా అనే చర్మ కేన్సర్లలో దాదాపు సగంలో కనిపించేదీ ఈ జన్యువులో మార్పే! అయినా మచ్చ మచ్చగానే ఉండిపోతుంది.

కాలువ నీటిని తలుపులతో ఆపే దుగ్గిరాల లాకులు చూసినవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ఆగని ఆదేశాన్ని కాలువ నీరనుకోండి. పీ16 అనే ప్రొటీన్ లాకు తలుపు. అది కణాన్ని విభజన వైపు నడిపే సీడీకే4, సీడీకే6 ఎంజైములను పట్టి ఉంచుతుంది. అవి కదలకపోతే ఆర్‌బీ ప్రొటీన్ డీఎన్ఏకు నకలు తీయనివ్వదు. కణం బతికే ఉంటుంది, విభజన మాత్రం ఆగిపోతుంది. పీ16 జన్యువు అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి వస్తుంది. అంటే లాకుకు ఎగువన, దిగువన ఉన్నట్టే రెండు తలుపులు. ఎండ కిరణాల వల్లో, విభజనలో పొరపాటు వల్లో ఒకటి విరిగినా రెండోది నీటిని ఆపుతుంది. కొన్ని కుటుంబాల్లో పుట్టుకతోనే ఒక తలుపు విరిగి ఉంటుంది, వాళ్లకు మెలనోమా ముప్పు చాలా ఎక్కువ. రెండూ పోయినా దిగువన ఇంకో లాకు ఉంది. విభజన జరిగిన కొద్దీ క్రోమోజోముల కొసలు అరిగిపోతాయి. ఆ కొసలను మళ్లీ పొడిగించే టెలోమరేజ్ ఎంజైమును మేల్కొలిపితే తప్ప కణం ముందుకు పోలేదు.

ఇన్ని తలుపులు తెరుచుకోవాలి కాబట్టే, 40 ఏళ్ల లోపువారిలో ఒక మచ్చ ఏడాదిలో మెలనోమాగా మారే అవకాశం 2 లక్షల్లో ఒకటికి మించదని అమెరికా లెక్క. వయసు పెరిగితే అవకాశమూ పెరుగుతుంది.

నాకు భయమల్లా సున్నం, సోడా కలిపి మచ్చలు కాల్చేవాళ్లతోనే. మైక్రోస్కోపు కింద చూడాల్సిన కణాలే కాలిపోతాయి. మచ్చ ఎక్కడుంటే ఏ యోగమో చెప్పేవాళ్లు అరికాలు, గోటి కింద కూడా చూడమని చెబితే ఎంత మేలు! మనవాళ్లలో మెలనోమా ఎక్కువగా అక్కడే వస్తుంది.

అమ్మా, మీ నాన్నగారి మచ్చను ఆలస్యం చేయకుండా తీయించండి. ఒకవేళ మెలనోమాయే అని తేలినా, మందం 1 మిల్లీమీటరు లోపు ఉంటే చాలామందికి ఆపరేషన్‌తోనే నయమవుతుంది.